కత్తెర తీస్తే మళ్లీ పెట్టు

ఒరేయ్ బుజ్జీ,

"వాడేదో టెక్స్చర్లు తుడుస్తున్నాడట, అన్నానికి పిలిచినా లేవట్లేదు" అని పొద్దున్నే మీ అమ్మ ఫోను. టెక్స్చర్‌ని, అంటే గ్రాఫిక్స్ కార్డు మెమరీలోని బొమ్మని, ఒకే రంగుతో తుడవడమే క్లియర్ కదా; గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే ఓపెన్‌జీఎల్ మీద నడిచే భాగంలో (బ్యాకెండ్) ఆ క్లియర్ బగ్ నెత్తికెత్తుకున్నావని అప్పుడర్థమైంది. పొంగిపోయాను. ఆ వెంటనే కడుపులో దేవింది కూడా.

రెండు మూడు గ్రాఫిక్స్ కార్డుల మీద చూడు, గీసిన ఫ్రేమ్‌ని విడమరిచి చూపే రెండర్‌డాక్‌లో ఫ్రేమ్ పట్టు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

2009లో బెంగళూరులో మ్యాప్ చూపించే ప్రోగ్రాం రాశాను. టెక్స్చర్‌ని ఫ్రేమ్‌బఫర్‌కి (గీతలు వెళ్లి పడే చోటుకి) తగిలించి, తుడిచే ఫంక్షన్ జీఎల్‌క్లియర్‌ని పిలిచేదాన్ని. నా మెషీన్‌లో నల్లగా, కడిగిన పలకలా ఉండేది. క్లయింటు గదిలో ప్రొజెక్టర్ మీద వేస్తే ఎడమ మూల చిన్న పెట్టె ఒక్కటే నలుపు. మిగతాదంతా రంగుల చెత్త, దాని మధ్యలో తలకిందులుగా ఎవరిదో బ్యాంకు ఉత్తరం ముక్క! అకౌంటు నంబరు సగం చదవగలిగాను. లేచి వైరు పీకేశాను.

మూడు రోజులు డ్రైవర్‌ని తిట్టిపోశాను. తప్పు నాదే. మ్యాప్ మూలన స్కేల్ బార్ గీసే ఫంక్షన్ సిజర్ టెస్ట్, అంటే ఒక పెట్టె బయట ఏదీ పడకుండా కత్తిరించే కత్తెర, ఆన్ చేసి వదిలేసింది. ఆ కత్తెర గీసేవాటికే కాదురా, జీఎల్‌క్లియర్‌కీ పడుతుంది. రంగు, లోతు రాయకుండా ఆపే కలర్ మాస్క్, డెప్త్ మాస్క్ కూడా అంతే. క్లయింటు మెషీన్‌లో కొత్త టెక్స్చర్‌కి వేరే ప్రోగ్రాం వదిలిన పాత మెమరీ దొరికింది; నా దగ్గర మెమరీ సున్నాలతోనే, అంటే నల్లగానే, వచ్చేది కాబట్టి తుడవకపోయినా తుడిచినట్టే కనిపించింది. పరువు పోవడం అక్కడితో ఆగిందా? తుడిచే ముందు సిజర్ ఆపేసి, మళ్లీ పెట్టడం మరిచాను. మర్నాడు స్కేల్ బార్ అంకెలు పెట్టె దాటి మ్యాప్ మీదికి పాకాయి.

విండోస్‌లోని డైరెక్ట్3డీ 11 బ్యాకెండ్‌లో ఈ బగ్ కనపడలేదని మురిసిపోకు, అక్కడి రెండర్ టార్గెట్ క్లియర్ సిజర్‌ని అసలు పట్టించుకోదు. ఓపెన్‌జీఎల్ 4.4 ఉంటే టెక్స్చర్‌ని నేరుగా తుడిచే జీఎల్‌క్లియర్‌టెక్స్‌ఇమేజ్ వాడు, ఈ గొడవే ఉండదు. ఫోన్లలోని ఓపెన్‌జీఎల్ ఈఎస్‌లో మాత్రం అది కోర్‌లో (అన్నిచోట్లా తప్పక ఉండే భాగంలో) లేదు, జీఎల్‌క్లియర్ పాత దారే గతి. పూర్ణాంకాలు దాచే ఇంటిజర్ ఫార్మాట్ల టెక్స్చర్లకు జీఎల్‌క్లియర్ జోలికే పోకు, జీఎల్‌క్లియర్‌బఫర్ ఉంది.

నలుపుతో టెస్టు రాశావో, చెవి మెలిపెడతాను. ముందు గులాబీ నింపు, సిజర్ కావాలనే ఆన్ చెయ్, ఆకుపచ్చతో తుడువు, పిక్సెళ్లు వెనక్కి చదువు. 37×19 లాంటి వంకర సైజు తీసుకో. సగం సగం తగ్గుతూ పోయే దాని నకళ్లు, అదే మిప్ లెవెళ్లు, అసలుదానితో కలిపి ఆరుంటాయి, చివరి 1×1 దాకా, ప్రతి లేయరూ (పొరా) చూడు. సిజర్ ఇంకా ఆన్‌లోనే ఉందో లేదో ఆఖర్న అడుగు.

నీ కోడ్ ఎవరి తెర మీద నడుస్తుందో నీకు తెలీదు నాన్నా. ఆ ఉత్తరం ఎవరిదో నాకిప్పటికీ తెలీదు.

ప్యాచ్ పంపేముందు నాకోసారి చూపించు, పదకొండింటి దాకా మెలకువగానే ఉంటాను. అన్నం తిన్నాకే సుమా.

మీ అత్త