పదింతల వేడి ఇచ్చే యంత్రానికి అడ్వాన్స్ కట్టాలా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. ఊక బాయిలర్ బదులు నికెల్, హైడ్రోజన్‌తో నడిచే కొత్త యంత్రం వస్తోందని, ఒక యూనిట్ కరెంటుకు పది యూనిట్ల వేడి ఇస్తుందని ఒకాయన చెబుతూ జిల్లా డీలర్‌షిప్‌కు అడ్వాన్స్ అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. ముందు యంత్రం మీ మిల్లులో నడవాలి, డీలర్‌షిప్ మాట తర్వాత. నికెల్, హైడ్రోజన్‌తో ఇంత వేడి అనే మాట వెనక ఉన్నది పాత ఆశే. 1989 మార్చిలో అమెరికాలోని యూటాలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే శాస్త్రవేత్తలు గది ఉష్ణోగ్రతలోనే కేంద్రక సంలీనం (సూర్యుడిలోలాగా పరమాణు కేంద్రకాలు కలిసిపోయి వేడి పుట్టడం) సాధించామని ప్రకటిస్తే ఎన్నో దేశాల ల్యాబుల్లో ప్రయత్నించారు, చాలామందికి ఆ ఫలితం రానేలేదు. వాళ్లు పేరున్న శాస్త్రవేత్తలండీ!

ఆవిరి చూపిస్తే మాత్రం ఒప్పుకోవద్దు. ఆవిరితో పాటు ఎంత నీరు నీరుగానే బయటికి పోతోందో కొలవకపోతే వేడి లెక్క చాలా ఎక్కువ వస్తుంది, మోసం లేకపోయినా ఈ పొరపాటు జరగొచ్చు. నీళ్లతోనే చూడండి: ఒక యూనిట్ కరెంటు 100 లీటర్లను సుమారు 8.6 డిగ్రీలు వేడెక్కిస్తుంది, ఆయన మాట నిజమైతే అదే యూనిట్‌కు 1000 లీటర్లు అంత వేడెక్కాలి. మీటరు మీది, ట్యాంకు మీది, థర్మామీటరు మీది. గంటసేపు కాదు, రాత్రీపగలూ వారం రోజులు నడపమనండి. నెగ్గితే, ఆదా అయిన ఊకను బట్టి నెలనెలా డబ్బు ఇస్తానని కాగితం రాసుకోండి.