ఆర్కిడ్ మొక్క: జాతా, ప్రజాతా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర ఊరు. బడి ఆవరణలోని మామిడిచెట్టు కొమ్మకు రింకోస్టైలిస్ అనే ఆర్కిడ్ ఉంది. పిల్లల కోసం దాని కింద తెలుగులో బోర్డు రాశాను: ‘ఇది రింకోస్టైలిస్ జాతికి చెందిన పరాన్నజీవి. ఈ జాతిలో నాలుగు ప్రజాతులు ఉన్నాయి.’ జాతి, ప్రజాతి తారుమారయ్యాయని తోటి టీచర్ అంటున్నారు. ఒడియాలో మేం ఇలాగే చదువుతాం. ఏది సరి?

సమాధానం: మాస్టారూ, మీ తోటి టీచర్ చెప్పిందే సరి. తెలుగు వృక్షశాస్త్ర పుస్తకాల్లో ప్రజాతి (ఇంగ్లీషులో జీనస్) పెద్దది, జాతి (స్పీషీస్) దాని లోపలిది. దగ్గరి పోలికలున్న జాతులన్నీ కలిసి ఒక ప్రజాతి, అలాంటి ప్రజాతులు కలిసి ఒక కుటుంబం. మీకు చిక్కు ఎక్కడ వచ్చిందో తెలుస్తూనే ఉంది. ఒడియా, హిందీ పత్రికలు మనం జాతి అనేచోట ‘ప్రజాతి’ అంటాయి. అక్కడ అది తప్పు కాదు. తెలుగులోకి అలాగే తెస్తే మాత్రం అర్థం మారిపోతుంది. ‘అంతరించిపోతున్న ప్రజాతి’ అని రాస్తే, అందులోని జాతులన్నీ పోతున్నాయని తెలుగు పాఠకుడు అనుకుంటాడు. ఒక్క మొక్క గురించి చెప్పేటప్పుడు ‘అంతరించిపోతున్న జాతి’ అనే రాయాలి.

శాస్త్రీయ నామం చూస్తే ఇది మన పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వస్తాయి కదా! మన వైపు కనిపించే రింకోస్టైలిస్ రెట్యూసా పేరు కూడా అంతే. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ఒడియావాళ్లకు ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి, మీ తరగతిలో ఒక తెలుగు పిల్లను, ఒక ఒడియా పిల్లను పక్కపక్కన నిలబెట్టి చెప్పవచ్చు. ఈ మొక్కకు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వేరే ఇంటిపేరు పెట్టాడు, ఎపిడెండ్రం అని. 1825లో బ్లూమ్ అనే మరో వృక్షశాస్త్రవేత్త రింకోస్టైలిస్ అనే ప్రజాతిని ఏర్పరచి దీన్ని అందులోకి మార్చాడు.

ఇది నిజంగా చిన్న ప్రజాతి. కొందరు మూడు జాతులంటారు, కొందరు నాలుగు. బోర్డు మీద ‘మూడు నాలుగు జాతులే ఉన్నాయి’ అని రాస్తే సరిపోతుంది. వాటిలో నీలిపూల సీలెస్టిస్ అనే జాతి థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం వైపుది. మీ చెట్టు మీదున్నది రెట్యూసాయే అయితే దాని ఇల్లు చాలా విశాలం: శ్రీలంక, మన దేశం మొదలుకొని ఫిలిప్పీన్స్ దాకా. తూర్పు కనుమల అడవుల్లోనూ అది ఉంది. నక్కతోకలా కిందికి వాలే గుత్తులతో ఎండాకాలం చివర పూస్తుంది. అస్సాంలో దీన్ని కపౌ ఫూల్ అంటారు. బిహూ నాట్యంలో ఆడపిల్లలు సిగలో తురుముకుంటారు. ఆ రాష్ట్రానికి ఇది రాష్ట్ర పుష్పం కూడా.

మీ వైపు కొండల్లో సవరలు దీన్ని ఏమంటారో పెద్దవాళ్లను అడిగి ఆ పేరే బోర్డు మీద మొదట రాయండి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని నిఘంటువు కట్టారు. ఆ ఊరి దగ్గరి బడిలో ఇది జరగడం నాకు ఎంతో ఇష్టం.

మీరు అడగలేదు గానీ, ‘పరాన్నజీవి’ అన్నది అసలైన తప్పు. పరాన్నజీవి అంటే పక్కవాడి అన్నం తిని బతికేది. మామిడిచెట్లకు పట్టే బదనిక అలాంటిది. అది కొమ్మలోకి వేళ్లు దింపి చెట్టు నుంచి నీరు, లవణాలు పీల్చుకుంటుంది. ఆర్కిడ్ కొమ్మను పట్టుకుని ఉంటుంది, అంతే. దాని వేళ్లకు తెల్లగా స్పాంజిలాంటి పొర ఉంటుంది. వాననీటిని, మంచును ఆ పొరే పట్టుకుంటుంది. తడిసినప్పుడు వేరు పచ్చగా కనిపిస్తుంది, పిల్లలకు నీళ్లు చల్లి చూపించండి. తిండి తన ఆకులతో తానే తయారు చేసుకుంటుంది.

చెట్టును తినే మొక్కనూ, చెట్టు మీద ఊరికే పెరిగే మొక్కనూ కలిపేయడం ఇవాళ్టిది కాదు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం ‘వందా’ అనే మాటకు వృక్షాదని, వృక్షరుహ అని పర్యాయపదాలు ఇచ్చింది. ఒకదానికి చెట్టును తినేది అని అర్థం, మరోదానికి చెట్టు మీద మొలిచేది అని. ఆ వందా నుంచే వాండా అనే మరో ఆర్కిడ్ ప్రజాతికి పేరు వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు ఇలాంటి మొక్కలను ‘వృక్షోపజీవి’ అంటాయి. ఉపజీవించడం అంటే మరొకరి మీద ఆధారపడి బతకడం కాబట్టి, ఆ మాట కూడా నాకు పూర్తిగా నచ్చదు. అయినా స్థిరపడిన మాట, పరీక్షల్లో అదే అడుగుతారు. బోర్డు మీద మాత్రం ‘చెట్టు కొమ్మ మీద పెరిగే మొక్క, చెట్టుకు హాని చేయదు’ అని రాయండి. పరాన్నజీవి అని చదివినవాళ్లు చెట్టును కాపాడుతున్నామనుకుని దాన్ని పీకి పారేసే ప్రమాదం ఉంది. అందుకని జాతి, ప్రజాతి కంటే ముందు ఆ మాటను చెరిపేయండి.