మంథని ఎన్నికల చరిత్ర రాస్తున్న మా బిడ్డకు

బిడ్డా,

మంథని అసెంబ్లీ ఎన్నికల చరిత్ర రాస్తున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. నువ్వు పంపిన పేజీలు చదివాను. అందులో గెలిచినవాళ్లే ఉన్నారు. ఓడినవాళ్లకు పడ్డవి కూడా మన ఊళ్ల ఓట్లే కదా, వాటినీ లెక్కలోకి తీసుకో.

పి.వి. నరసింహారావు 1957 నుంచి 1972 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచారు. ఇక్కడి ఎమ్మెల్యేగా ఉంటూనే 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా అందరికీ తెలిసిందే, ఒక్క పేరా చాలు. అంతకుముందు 1952లో లోక్‌సభకు నిలబడి, పీడీఎఫ్ (కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) నాయకుడు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయిన సంగతి మాత్రం వదలకు.

నువ్వు ఎక్కువ రాయాల్సింది 1983 తర్వాతి కాలం గురించి. రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి వీస్తుంటే మంథని కాంగ్రెస్ అభ్యర్థి దుద్దిళ్ల శ్రీపాదరావును గెలిపించింది. 1985లో, 1989లో కూడా ఆయనే. స్పీకర్ పదవి చేసి కూడా 1994లో టీడీపీ అభ్యర్థి చంద్రుపట్ల రాంరెడ్డి చేతిలో ఓడిపోయారు. 1999 ఏప్రిల్‌లో నక్సలైట్లు ఆయనను చంపేశారు. ఆ ఏడాదే జరిగిన ఎన్నికల్లో ఆయన కొడుకు శ్రీధర్‌బాబు గెలిచారు, రాష్ట్రంలో మాత్రం మళ్లీ టీడీపీయే వచ్చింది. 2014లో టీఆర్ఎస్ నుంచి పుట్ట మధు గెలిచారు. 2018లో రాష్ట్రం టీఆర్ఎస్‌కు పట్టం కడితే మంథని తిరిగి శ్రీధర్‌బాబు దగ్గరికి పోయింది.

1999 గెలుపును 'సానుభూతి' అని ఒక్క మాటలో తేల్చెయ్యకు. అడవి పక్క ఊళ్లలో అప్పుడు ఓటేయడమే భయం. ఎన్నికలు బహిష్కరించాలని నక్సలైట్ల పిలుపు ఒక దిక్కు, పోలీసుల టెన్షన్ ఇంకో దిక్కు. 2023లో కూడా భద్రత కోసం మంథనిలో పోలింగ్ సాయంత్రం 4 గంటలకే ముగించారు. అందుకని ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూసేముందు అసలు ఎంతమంది ఓటేశారో చూడు.

పాత ఫలితాలు ఎన్నికల సంఘం గణాంక నివేదికల్లో ఉంటాయి. ఈమధ్య ఎన్నికలకైతే ఫారం 20 తీసుకో, బూత్‌ల వారీగా ఓట్లు అందులో తెలుస్తాయి. పేర్ల దగ్గర జాగ్రత్త. మంథని దగ్గర ఒక ముత్తారం ఉంది, మహాదేవపూర్ వైపు ఇంకో ముత్తారం ఉంది. రెండోదాన్నే ఇప్పుడు మహాముత్తారం అంటున్నారు. రెండూ మన నియోజకవర్గమే. పాత మేడారం సీటు పేరు సమ్మక్క జాతర మేడారానిది కాదు, ధర్మారం దగ్గరి మేడారానిది. 2009లో ఆ సీటు పోయింది, రామగుండం కొత్తగా వచ్చింది. హద్దులు మారాయి కాబట్టి 2004 ఓట్లను 2009 ఓట్ల పక్కన పెట్టి పెరిగాయనో తగ్గాయనో రాయడం సరికాదు.

కాయితాల పని అయ్యాక ఊళ్లకు పో. ఎవరికి ఓటేశారని ఎవర్నీ అడగొద్దు. బూత్‌లో పార్టీ ఏజెంట్లుగా కూర్చున్న పెద్దమనుషులను, రెండు పార్టీల వాళ్లనూ, పోలింగ్ రోజు బూత్ ఎట్లా నడిచిందో అడుగు. ఆ రోజుల్లో ఇంటిమనిషిని పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు మాట్లాడలేకపోతే నోట్‌బుక్ మూసి, వాళ్లిచ్చిన చాయ్ తాగి రా.

కాటారంలో నాకు తెలిసిన పాత ఏజెంట్లు ఇద్దరున్నారు. ఎప్పుడు పోతావో ముందే ఫోన్ చెయ్యి, వాళ్లతో మాట్లాడి పెడతాను.

దీవెనలతో,
మీ పెద్దబాపు
హనుమకొండ