సేజ్‌మ్యాథ్‌లో కాంబినటోరిక్స్ కోడ్ రాయాలంటే పీహెచ్‌డీ ఉండాలా?

మీరు అడిగినవి మూడు. ఎమ్మెస్సీ లెక్కలు, కాస్త పైథాన్ వస్తే సేజ్‌మ్యాథ్ (లెక్కలు చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, పొట్టిగా సేజ్) కాంబినటోరిక్స్ విభాగానికి, అంటే అమరికలను, ఎంపికలను లెక్కపెట్టే విభాగానికి, కోడ్ ఇవ్వొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంగ్లీషు అంతంతమాత్రమైతే ఇబ్బంది పడతానా అని.

ఇవ్వొచ్చు. మీ డిగ్రీ ఏంటని అక్కడ ఎవరూ అడగరు. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను, తీరిక దొరికినప్పుడు సేజ్‌లో చిన్నచిన్న మార్పులు పెడుతుంటాను. నేను చూసినంతలో ఈ పనిలో కోడ్ రాయడానికి పట్టే టైమ్ తక్కువే. ఫలానా దాన్ని ఎలా నిర్వచిద్దాం, ఏ ఉదాహరణతో సరిచూద్దాం అని నలుగురూ ఒక మాట మీదికి రావడానికే ఎక్కువ పడుతుంది. అందుకే మంచి ప్రోగ్రామర్ కన్నా, నిర్వచనాలను పట్టిపట్టి చదివే లెక్కల విద్యార్థి ఇక్కడ తొందరగా కుదురుకుంటాడు.

పర్మ్యుటేషన్లనే, అంటే వరస మార్పులనే తీసుకోండి. 213 అంటే 1ని 2కి, 2ని 1కి పంపి, 3ని అలాగే ఉంచడం. 213ని, 132ని ఆ వరసలో గుణించాలి. ఎడమవైపుదాన్ని ముందు వర్తింపజేస్తే 312 వస్తుంది. ఇంటర్‌లో సంయుక్త ప్రమేయాలు చేసినట్టు కుడివైపు నుంచి మొదలుపెడితే 231 వస్తుంది. రెండూ సరైనవే, పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి. సేజ్ మామూలుగా మొదటి పద్ధతి పాటిస్తుంది, కావాలంటే ఆప్షన్ మార్చుకోవచ్చు. ఒక సంఖ్యను ధన పూర్ణసంఖ్యల మొత్తంగా రాసే విధానాలను (వరస పట్టించుకోకుండా) పార్టిషన్లు అంటారు. వాటికి గీసే డయాగ్రమ్‌లదీ ఇదే గొడవ. ఇంగ్లీషు పద్ధతిలో పొడవు వరస పైన ఉంటుంది, ఫ్రెంచి పద్ధతిలో కింద ఉంటుంది. ఎవరి అలవాటూ మార్చలేక సేజ్ రెండింటినీ ఉంచేసింది. మీరు కొత్త ఫంక్షన్ పెడితే, అది ఏ పద్ధతిని పాటిస్తుందో డాక్యుమెంటేషన్‌లో రాయాలి. రాయకపోతే రివ్యూలో, అంటే మీ కోడ్‌ను చేర్చేముందు మిగతావాళ్లు చేసే పరిశీలనలో, వచ్చే మొదటి ప్రశ్న అదే.

ఇక డాక్‌టెస్టులు. సేజ్‌లో ప్రతి ఫంక్షన్ కిందా, అది ఎలా పనిచేస్తుందో చూపే ఉదాహరణలు ఉండాలి. అవి చదివేవాళ్ల కోసమే కాదు. టెస్టులు నడిపినప్పుడు కంప్యూటర్ వాటన్నిటినీ మళ్లీ లెక్కకట్టి, జవాబు అక్షరం తేడా వచ్చినా చెబుతుంది. నేను పెట్టిన ఒక మార్పులో అసలు కోడ్ పది పన్నెండు లైన్లుంటే, ఉదాహరణలు అంతకు రెండింతలున్నాయి. అది ఎక్కువని ఎవరూ అనలేదు.

ఏ ఉదాహరణలు పెట్టాలో తెలియడమే ఇక్కడ అసలు పనితనం. 5కి పార్టిషన్లు 7 అని చూపడం బాగానే ఉంటుంది, కానీ అది ఎవరైనా పెడతారు. 0కి ఎన్ని? ఒకటి, ఖాళీ పార్టిషన్. రివ్యూ చేసేవాళ్లు దీన్ని తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే కోడ్ ఎక్కువగా విరిగేది ఇలాంటి అంచుల దగ్గరే. తర్వాత పెద్ద సంఖ్య ఒకటి పెట్టాలి. 100కి పార్టిషన్లు 19,05,69,292. మీ ఫంక్షన్ వాటన్నిటినీ ఒక్కొక్కటిగా తయారుచేసి లెక్కపెడుతుంటే టెస్టు అక్కడే కూర్చుండిపోతుంది. లెక్కపెట్టే దారి వేరు, జాబితా ఇచ్చే దారి వేరు అని అప్పుడు తెలుస్తుంది. ఈ రెండు దారులూ ఒకదాన్నొకటి సరిచూసుకోవాలి కూడా. చిన్న సంఖ్యలకు జాబితా పొడవు, సూత్రం ఇచ్చిన సంఖ్య ఒకటేనా అని ఒక టెస్టు పెట్టండి. 10 దగ్గర రెండూ 42 ఇవ్వాలి. హార్డీ, రామానుజన్ తమ పార్టిషన్ సూత్రాన్ని సరిచూసుకున్నది కూడా ఇలాగే. 200 వరకు మాక్‌మహన్ అనే గణితవేత్త చేత్తో లెక్కకట్టిన పట్టిక వాళ్లకు ఆధారమైంది. అంటే కంప్యూటర్లు రాకముందే ఒక డాక్‌టెస్ట్ అన్నమాట!

ఈ విభాగానికి చరిత్ర కూడా ఉంది. 2000లో ఫ్రాన్స్‌లో ఫ్లోరెంట్ హివెర్, నికొలా తియెరీ మ్యూప్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ మీద కాంబినటోరిక్స్ ప్యాకేజీ మొదలుపెట్టారు. వాళ్ల ప్యాకేజీ ఓపెన్ సోర్సే, కానీ దాని కింద ఉన్న మ్యూప్యాడ్ ఒక ప్రైవేటు కంపెనీ సరుకు. 2008లో ఆ బృందం సేజ్‌కి మారి, సేజ్-కాంబినాట్ పేరుతో పని కొనసాగించింది. అదే ఏడాది మ్యూప్యాడ్ కంపెనీని మ్యాథ్‌వర్క్స్ కొనేసింది. కింద నేల ఎవరిదో చూసుకోకుండా ఇల్లు కట్టకూడదని వాళ్లకు ముందే అర్థమైందనుకుంటాను. మొదట్లో అందరూ తమ ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) ఒకే వరసలో ఒకదాని మీద ఒకటి పేర్చి పంచుకునేవారు. ఇంకా పూర్తికాని కోడ్ కూడా మిగతావాళ్లకు వెంటనే అందేది. కానీ కింది ప్యాచ్ మారితే పైవన్నీ సర్దుకోవాల్సి వచ్చేది. తర్వాత, ఎవరు ఏం మార్చారో లెక్క ఉంచే గిట్ అనే సాధనం వచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి మొత్తం పని గిట్‌హబ్ వెబ్‌సైట్‌లోనే నడుస్తోంది.

మొదలుపెట్టడానికి నా సలహా, ముందు కోడ్ రాయకండి. రివ్యూ కోసం ఎదురుచూస్తున్న మార్పుల్లో మీకు తెలిసిన టాపిక్ ఉన్నది ఒకటి తీసుకుని, మీ కంప్యూటర్‌లో నడపండి. చేత్తో చేసిన చిన్న ఉదాహరణతో సరిపోయిందో లేదో రాయండి. రివ్యూ చేసేవాళ్లు ఎప్పుడూ తక్కువే, కాబట్టి మీ పేరు తొందరగా గుర్తుంటుంది. రేపు మీ మార్పు చూడ్డానికి కూడా ఎవరో ఒకరు ముందుకొస్తారు. పాత ఫంక్షన్ పేరు నచ్చలేదని వెంటనే తీసేయాలని మాత్రం చూడకండి. కనీసం ఏడాది పాటు హెచ్చరికతో పాత పేరు కూడా పనిచేయాలి, ఎవరి థీసిస్ కోడ్ దానిమీద ఆధారపడి ఉందో మనకు తెలియదు కదా. వేరేచోట నుంచి కోడ్ తెచ్చేటప్పుడు లైసెన్స్ చూడండి. సేజ్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది, దానికి సరిపడని కోడ్ ఎంత బాగున్నా పనికిరాదు.

టాపిక్ ఏది అంటారా? వాల్తేరులో చదువుకున్న మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1940లలో ప్రవేశపెట్టిన ఆర్తోగొనల్ అరేలకు (ప్రయోగాల ప్రణాళికకు వాడే ఒకరకం పట్టికలకు) సేజ్‌లో పెద్ద ఫైలే ఉంది. లాటిన్ చదరాలు వీటికి దగ్గరి చుట్టాలు. లాటిన్ చదరంలో ప్రతి అడ్డు వరసలోనూ, నిలువు వరసలోనూ ప్రతి గుర్తూ ఒక్కసారే వస్తుంది. రెండు చదరాలను ఒకదాని మీద ఒకటి పెడితే గుర్తుల ప్రతి జతా ఒక్కసారే వస్తే అవి పరస్పరం ఆర్తోగొనల్. పదికి పది సైజులో పరస్పరం ఆర్తోగొనల్ అయిన లాటిన్ చదరాల జత ఉండదని ఆయిలర్ అనుకున్నాడు. బోస్, శ్రీఖండే, పార్కర్ అది తప్పని నిరూపించారు. ఆ జత ఇప్పుడు సేజ్‌లో ఒక్క లైన్‌తో వస్తుంది. ఆ కోడ్ చదివితే ఒక నిరూపణ ప్రోగ్రామ్‌గా ఎలా మారుతుందో బాగా తెలుస్తుంది. నాకైతే పాఠ్యపుస్తకం కన్నా అదే ఎక్కువ నేర్పింది.

ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు. అక్కడ రాసేవాళ్లలో చాలామందికి అది మాతృభాష కాదు. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎలా సరిచూశారు, ఈ మూడూ చిన్న చిన్న వాక్యాల్లో రాస్తే చాలు. విండోస్ వాడుతుంటే ముందు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుని, అందులో కోండా అనే ఇన్‌స్టాలేషన్ సాధనంతో సేజ్ ఇన్‌స్టాల్ చేసుకోండి. మొత్తం సోర్స్ నుంచి బిల్డ్ చేయబోతే మామూలు ల్యాప్‌టాప్ మీద గంటలు పడుతుంది.