మేకన్ వెళ్తున్నారా? హెచ్ అండ్ హెచ్‌లో ప్లేటు ఇలా అడగండి

అట్లాంటా చుట్టుపక్కల కొత్తగా దిగినవాళ్ళు అడిగే ప్రశ్న ఇది: "ఆల్‌మన్ బ్రదర్స్ అనే రాక్ సంగీత బృందం అన్నం తిన్న హోటల్, హెచ్ అండ్ హెచ్, జార్జియాలోని మేకన్‌లో ఉందట. ఇంట్లో ఒకరు శాకాహారి, మిగతావాళ్ళం బీఫ్, పోర్క్ ముట్టం. వెళ్తే ఏమైనా దొరుకుతుందా?" దొరుకుతుంది. కానీ ఏం అడగాలో తెలుసుకుని వెళ్ళాలి.

ముందు ఆ చోటు సంగతి. ఐనెజ్ హిల్, లూయీస్ హడ్సన్ అనే ఇద్దరు నల్లజాతి మహిళలు 1959లో దీన్ని పెట్టారు. వాళ్ళ ఇంటిపేర్ల మొదటి అక్షరాలే హెచ్ అండ్ హెచ్. పదేళ్ళ తర్వాత కాప్రికార్న్ రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీతో పనిచేయడానికి ఆల్‌మన్ బ్రదర్స్ మేకన్ చేరినప్పుడు వాళ్ళ జేబుల్లో డబ్బు లేదు. ఒకటి రెండు ప్లేట్లు తీసుకుని అందరూ పంచుకుంటుంటే లూయీస్ చూసి, మనిషికో ప్లేటు పెట్టారు. జుట్టు పెంచుకున్న తెల్ల కుర్రాళ్ళు, నల్ల డ్రమ్మరు కలిసి తిరిగిన ఆ బృందాన్ని అప్పటి జార్జియాలో అందరూ అలా ఆదరించలేదు. పేరొచ్చాక వాళ్ళు ఆ అన్నం మరిచిపోలేదు, 1972లో ఆవిడను తమతోపాటు టూర్‌కి తీసుకెళ్ళారు. 'మామా లూయీస్' (అమ్మ లూయీస్) అని పేరుపడిన ఆవిడ 2022లో కన్నుమూశారు. హోటల్ కొన్నాళ్ళు మూతపడినా 2014లో మళ్ళీ తెరుచుకుంది. ఫోర్సిత్ స్ట్రీట్‌లో ఉంది.

ఇక ప్లేటు. అమెరికా దక్షిణాది హోటళ్ళలో దీన్ని 'మీట్ అండ్ త్రీ' అంటారు: ఒక మాంసం, మూడు కూరలు, పక్కన కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె). మాంసం వద్దంటే 'వెజిటబుల్ ప్లేట్' ఇస్తారు. మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. ఆ పేరుకి కూరలే ఉన్న ప్లేటు అని అర్థం, శాకాహారం అని కాదు. కాలర్డ్ గ్రీన్స్ అనే ముదురు ఆకుకూరను పాత పద్ధతిలో పొగబెట్టిన పంది కాలిముక్కతోనో, టర్కీ కోడి మెడతోనో గంటలకొద్దీ ఉడికిస్తారు. గ్రీన్ బీన్స్‌లో బేకన్ పడుతుంది. బ్లాక్ ఐడ్ పీస్ అంటే మన బొబ్బర్లే, వాటిలోనూ పంది మాంసం వేస్తారు. వండేవాళ్ళకి అది మాంసం కాదు, 'సీజనింగ్'. మనం చారులో ఇంగువ వేసినట్టు.

అందుకే "ఈజ్ దిస్ వెజిటేరియన్?" అని అడగొద్దు, "యెస్" అనే జవాబు వస్తుంది. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్ళ లెక్కలో అది ఆకుకూరే. ఇలా అడగండి: "ఆర్ ద గ్రీన్స్ కుక్డ్ విత్ ఎనీ మీట్, ఆర్ హ్యామ్, ఆర్ బేకన్, ఆర్ చికెన్ బ్రాత్?" ప్రతి కూరకీ విడిగా అడగాలి. కార్న్‌బ్రెడ్‌లోనూ బిస్కెట్‌లోనూ (ఇక్కడ బిస్కెట్ అంటే మెత్తటి చిన్న రొట్టె) పందికొవ్వు ఉందా అని కూడా కనుక్కోండి. బెండకాయ వేపుడు మొక్కజొన్న పిండిలో ముంచి వేయిస్తారు కానీ, చికెన్ వేయించిన నూనెలోనే వేస్తారేమో అడగాలి. తీపి చిలగడదుంప (క్యాండీడ్ యామ్స్)కి సాధారణంగా ఇబ్బంది లేదు, పైన మార్ష్‌మాలో (తెల్లటి మెత్తని మిఠాయి) ఉంటే మాత్రం అందులో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. మెకరోనీ అండ్ చీజ్‌ని ఇక్కడ కూరల జాబితాలోనే కలుపుతారు, శాకాహారికి దాదాపు ఎప్పుడూ దక్కేది అదే. అన్నం మీద గ్రేవీ పోయొద్దని ముందే చెప్పాలి, అది మాంసం రసంతో చేసేది.

మాంసం తినేవాళ్ళు ఫ్రైడ్ చికెన్ తీసుకోండి. మీట్ లోఫ్‌నీ కంట్రీ ఫ్రైడ్ స్టీక్‌నీ బీఫ్‌తో చేస్తారు. పేరులో 'ఫ్రైడ్' కనబడగానే చికెన్ అనుకుని ప్లేటు పట్టుకోవద్దు. కారం చాలదనిపిస్తే బల్ల మీద పచ్చిమిర్చి వేసిన వెనిగర్ సీసా ఉందేమో చూడండి, ఆకుకూర మీద చల్లుకోవడానికే అది. స్వీట్ టీ మన నాలుకకి కూడా బాగా తీపి, "హాఫ్ అండ్ హాఫ్" అంటే సగం చప్పటి టీ కలుపుతారు. బల్ల దగ్గరికి తెచ్చి వడ్డిస్తే 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వండి. పెద్ద గుంపుగా వెళ్తే టిప్పు బిల్లులోనే కలిపేశారేమో చూసుకోండి.

దారి: ఐ-75 హైవే మీద దక్షిణంగా, డౌన్‌టౌన్ అట్లాంటా నుంచి సుమారు 85 మైళ్ళు. మేకన్‌కి ముందు ఐ-475 చీలుతుంది, అది ఊరిని తప్పించి ఫ్లోరిడా వైపు పోయే దారి. దానిలోకి వెళ్ళకుండా ఐ-75 మీదే ఉండాలి. ఇలాంటి హోటళ్ళు మధ్యాహ్నానికే కట్టేస్తాయి, ఇష్టమైన కూర ముందే అయిపోతుంది. 11 గంటలకల్లా చేరండి. ఆదివారం చర్చి వదిలాక జనం విరగబడతారు. బయల్దేరేముందు ఆ రోజు వేళలు ఫోన్ చేసి కనుక్కోండి.

భోజనం అయ్యాక వైన్‌విల్ అవెన్యూలో బిగ్ హౌస్ చూడండి. 1970 నుంచి 1973 వరకు ఆ బృందం, వాళ్ళ కుటుంబాలు ఉన్న ఇల్లు అది, ఇప్పుడు మ్యూజియం. రోజూ తెరవరు, అందుకే రోజు చూసుకుని వెళ్ళాలి. ఆ బృందంలోని డువేన్ ఆల్‌మన్, బెరీ ఓక్లీ సమాధులు రోజ్ హిల్ శ్మశానవాటికలో ఉన్నాయి, అక్కడ నెమ్మదిగా మసలండి. కాప్రికార్న్ స్టూడియోని మెర్సర్ యూనివర్సిటీ 2019లో మళ్ళీ తెరిచింది. గాయకులు ఓటిస్ రెడింగ్ పెరిగిన ఊరు, లిటిల్ రిచర్డ్ పుట్టిన ఊరు కూడా ఇదే కాబట్టి మధ్యాహ్నం మొత్తం ఇక్కడే గడిచిపోతుంది. ఆదివారమైతే మూడింటికల్లా తిరుగు ప్రయాణం కట్టండి, ఫ్లోరిడా నుంచి వచ్చే కార్లన్నీ కలిసి అట్లాంటాకి ముందు వచ్చే మెక్‌డోనో దగ్గర ఐ-75 నత్తనడక నడుస్తుంది.