యాక్సిడెంట్ తర్వాత ధ్యానానికి కూర్చుంటే భయం పెరుగుతోంది, మానేయాలా?

బైక్ యాక్సిడెంట్ జరిగి ఏడాది కావస్తోందని, దెబ్బలు మానినా లారీ హారన్ వింటే చెమటలు పడుతున్నాయని రాశారు. యాప్ పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఆ దృశ్యమే కనిపిస్తోందని, ధ్యానం మీకు పడదేమోనని అడిగారు.

ధ్యానం మొత్తంగా మానక్కర్లేదు. కళ్లు మూసుకుని శ్వాసను గమనించే పద్ధతిని మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నాకూ ఇదే జరిగింది. నేనెక్కిన నైట్ బస్సు విజయవాడ హైవే మీద బోల్తా పడింది. బయటికి లాగేదాకా సీటు కింద ఇరుక్కుని కదల్లేకపోయాను. తర్వాత ఎవరైనా 'కదలకుండా కూర్చో, కళ్లు మూసుకో' అంటే చాలు, నా ఒంటికి మళ్లీ ఆ సీటు కిందే ఉన్నట్టుండేది. శ్వాస గమనించడం ఇంకా కష్టం. భయం వేస్తే ముందు మారేది ఊపిరే కదా. ఛాతీ మీద దృష్టి పెట్టేకొద్దీ ఊపిరి అందట్లేదనిపించి దడ ఎక్కువయ్యేది. ఇది మీ మనోబలం తక్కువై జరిగేది కాదు, దయచేసి అలా అనుకోకండి.

నాకు సైకాలజిస్ట్ నేర్పింది చాలా చిన్న పని. కళ్లు తెరిచే ఉంచాలి. వీపు గోడకి ఆనించి, అరికాళ్ల కింద నేల ఎలా తగులుతోందో చూడాలి. గదిలో కనిపించే వస్తువుల పేర్లు మెల్లగా పైకి అనుకోవాలి: కిటికీ, క్యాలెండర్, నీళ్ల బిందె. ఫ్యాన్ చప్పుడు వినాలి. ఒకటి రెండు నిమిషాలు చాలు. కూర్చోలేని రోజు నడవడం, గిన్నెలు కడుగుతూ చేతికి తగిలే నీళ్ల చల్లదనం గమనించడం కూడా ఇదే సాధన. దడ మొదలైతే పంతం పట్టి కూర్చోవద్దు. లేచి ముఖం కడుక్కోండి, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడండి. నాకు శ్వాస మీద దృష్టి పెట్టడం చాలా ఆలస్యంగా కుదిరింది, అదీ చెయ్యి పొట్ట మీద పెట్టుకుని.

అయితే దీనితోనే నయమవుతుందని నేను చెప్పను. 2015లో అమెరికాలో పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత ఆ భయం, ఆ దృశ్యాలు వదలకుండా వెంటాడే మానసిక సమస్య) ఉన్న 116 మంది మాజీ సైనికుల మీద చేసిన అధ్యయనంలో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని గమనించే ధ్యానం) శిక్షణ తీసుకున్న వాళ్లకి, మరో రకం గ్రూప్ థెరపీ తీసుకున్న వాళ్లకంటే లక్షణాలు కొంత ఎక్కువగా తగ్గాయి. పీటీఎస్‌డీ నిర్ధారణ నుంచే బయటపడ్డ వాళ్ల సంఖ్యలో మాత్రం రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నన్ను మళ్లీ బస్సు ఎక్కించింది థెరపీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పీటీఎస్‌డీకి ట్రామా (మనసుకి తగిలిన గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పేది), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునేది) థెరపీలను సూచిస్తుంది. ధ్యానం నాకు ఆ సెషన్లను తట్టుకునే ఓపిక ఇచ్చింది. మీకు ఏడాదైనా తగ్గలేదంటే ఇంక ఆగకుండా సైకియాట్రిస్ట్‌నో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలవండి.

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లమని ఫ్రెండ్ అంటున్నారన్నారు. ఇప్పుడు వద్దనే నా సలహా. అక్కడ మౌనంగా, రోజుకి దాదాపు పది గంటలు ధ్యానం చేయాలి. లోపల ఏదైనా పైకి వస్తే పక్కన పట్టుకునే మనిషి ఉండాల్సిన దశ మీది. తర్వాతెప్పుడైనా వెళ్తే దరఖాస్తులో యాక్సిడెంట్ సంగతి దాచకండి.

డాక్టర్ ఎవరో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 'టెన్షన్‌గా ఉంది' అని ఆపేయకుండా యాక్సిడెంట్, హారన్‌కి చెమటలు పట్టడం, కళ్లు మూస్తే దృశ్యాలు రావడం అన్నీ చెప్పండి. మిమ్మల్ని ఎవరి దగ్గరికి పంపాలో వాళ్లకి అప్పుడే తెలుస్తుంది.