ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కనీసం ఏ పైథాన్ వెర్షన్ పెట్టాలి?

తిరుపతిలో మీ కాలేజీ ల్యాబులో ఇంకా పైథాన్ 3.8తో వచ్చే ఉబుంటు 20.04 ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది కాబట్టి, మీరు రాస్తున్న తెలుగు అక్షరదోషాల లైబ్రరీకి పైథాన్ 3.8ని ఉంచాలా, తీసేయాలా అని అడిగారు. తీసేయండి. పైథాన్‌లో ఒక్కో వెర్షన్‌కు దాదాపు ఐదేళ్లే భద్రతా సవరణలు వస్తాయి. 3.8కి 2024 అక్టోబరులో, 3.9కి 2025 అక్టోబరులో అవి ఆగిపోయాయి. కనీసం 3.10 పెట్టుకోండి, ఉబుంటు 22.04తో వచ్చేది అదే.

ల్యాబులో వాళ్ల సంగతేంటని టెన్షన్ పడొద్దు. ప్యాకేజీ సెట్టింగుల్లో 'రిక్వైర్స్-పైథాన్' (requires-python) దగ్గర >=3.10 అని రాస్తే, పాత పైథాన్ ఉన్న కంప్యూటర్‌లో పిప్ (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనం) దానంతటదే 3.8కి సరిపడే మీ పాత రిలీజును వెతికి ఇన్‌స్టాల్ చేస్తుంది. ఆ ఒక్క లైను మర్చిపోతే మాత్రం కొత్త కోడ్ అక్కడ దిగి ఎర్రర్లు వస్తాయి, పాపం వాళ్లకు కారణం కూడా తెలియదు.

సపోర్ట్ చేస్తామన్న ప్రతి వెర్షన్ మీదా గిట్‌హబ్ యాక్షన్స్‌లో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను ఆటోమేటిక్‌గా నడిపే సేవ) టెస్టులు నడపండి. పబ్లిక్ రిపోజిటరీలకు అది ఉచితమే. టెస్టులు నడపని వెర్షన్ పేరు రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) రాయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

3.10 గడువు 2026 అక్టోబరు. దాన్ని తీసేసేటప్పుడు తప్పులు మాత్రమే సరిదిద్దే చిన్న ప్యాచ్ రిలీజులో (1.2.3 నుంచి 1.2.4 లాంటిది) కాకుండా, ముందుగా చెప్పి మైనర్ రిలీజులో (1.2 నుంచి 1.3 లాంటిది) తీయండి.